చెరిపిన గుర్తు

పొద్దున్నే షట్టరు సగం ఎత్తిన కోడలి తలకు సంచి తగిలింది. షట్టరు పిడికి ఎవరో తగిలించి పోయారు. ఎవరో ఎప్పుడో ఇంట్లో ఎవరూ చూడలేదు.

లోపల ఐదు జాకెట్లు ఉన్నాయి. ఉతికి, ఇస్త్రీ చేసి, పద్ధతిగా మడతపెట్టినవి. చీటీ ముక్క కూడా లేదు. దాని అవసరమూ లేదు. ప్రతి జాకెట్టుకూ ఎడమ పక్క లోపల దూది మెత్త కుట్టి ఉంది. అలాంటివి కుట్టింది ఈ దుకాణమే, వేసుకునే మనిషి లెక్కల టీచరమ్మ ఒక్కతే.

కోడలు సంచి తెచ్చి కత్తిరింపుల బల్ల మీద పెట్టింది. అత్తగారు కుర్చీలోంచి లేవలేదు. మిషను ఆగిపోయి అది నాలుగో రోజు. ఇరవై రెండేళ్ళుగా ఆవిడ మెడ దిగని టేపు గోడ మేకుకు వేలాడుతోంది. ఆ టేపు మూలంగానే ఆవిడ వీధి మొత్తానికీ టేపమ్మ అయింది. అసలు పేరుతో ఎవరైనా పిలిస్తే, వెనక ఇంకెవరో ఉన్నారనుకుని తిరిగి చూసే రకం.

టేపమ్మ జాకెట్లు ఒక్కొక్కటే తీసి, లోపలి కుట్టు వేలితో తడిమి, పక్కన పెట్టింది.

“ఆరుండాలి,” అంది.

నాలుగు రోజుల్లో కోడలితో అన్న మొదటి మాట అదే. ఆరోది ఎక్కడుందో ఇద్దరికీ తెలుసు. టీచరమ్మ ఒంటి మీద ఉంది. అదీ తిప్పి పంపాలంటే ఆవిడ ఇంకో దర్జీని వెతుక్కోవాలి, మరో పరదా వెనక నిలబడి మళ్ళీ మొదటి నుంచీ చెప్పుకోవాలి.

టేపమ్మ పద్ధతి వేరు. మిగతా దుకాణాల్లో ఒకరు టేపు పట్టి కొలతలు గట్టిగా చదువుతుంటే ఇంకొకరు రాసుకుంటారు, బెంచీ మీద కూర్చున్న వాళ్ళంతా వింటారు. టేపమ్మ నోటితో అంకె పలకదు. పరదా వెనక తొమ్మిది కొలతలూ చప్పుడు లేకుండా తీసి, గుర్తుపెట్టుకుని, మనిషి గడప దాటాకే పుస్తకంలో ఎక్కిస్తుంది. అంకెలు పెన్నుతో రాస్తుంది. అవసరమైన చోట పక్కన పెన్సిలుతో చిన్న గుర్తు వేస్తుంది. అరచంద్రం గీస్తే ఒక పక్క ఆపరేషన్‌లో తీసేశారని, దూది పెట్టి కుట్టాలని. గీత మీద చుక్క పెడితే ఒక భుజం కిందికి ఉందని. సున్న చుడితే కడుపుతో ఉందని, ఇంకా ఎవరికీ చెప్పలేదని, కుట్టు లోపల రెండు వేళ్ళ గుడ్డ వదలాలని. అలాంటి గుర్తులు మొత్తం పదకొండు.

పెళ్ళయి వచ్చిన రెండో ఏడు, ఒక వాన మధ్యాహ్నం, ఆ పదకొండూ కోడలికి నేర్పింది. కూతుళ్ళు లేని మనిషి. అప్పటిదాకా ఆ పుస్తకాన్ని ఎవరి చేతికీ ఇవ్వలేదు, కొడుకు ముట్టుకున్నా చెయ్యి మీద స్కేలుతో ఒకటి వేసేది. ఆ రోజు ఈ ఇంట్లో తనకు నిజంగా చోటు దొరికిందని కోడలు మురిసిపోయింది.

అంత మురిసిన మనిషే ఇంత పని చేసింది. చెడ్డ బుద్ధితో చేసింది కాదు. అత్తగారికి చూపు మందగిస్తోంది. కిందటి వానలకి పుస్తకం అట్ట తడిసి ఉబ్బింది. ఏదో ఒక రోజు రాసినవన్నీ పోతే ఏమిటి గతి అని భయపడి, రెండు నెలలు కూర్చుని పన్నెండు వందల మంది కొలతలూ ఫోనులో ఒక పట్టికగా ఎక్కించింది. చివర ఉన్న ఇంటివాళ్ళ పేజీలు మాత్రం ఎక్కించక్కర్లేదని టేపమ్మ అట్ట కాగితం మడత కింద దోపేసింది. సరేనని వాటి జోలికి పోలేదు.

ఇళ్ళ దగ్గర కాజాలు, హుక్కులు, అంచులు కుట్టిపెట్టే ఆడవాళ్ళు ముగ్గురున్నారు. వాళ్ళకి గుర్తులు తెలియవు. వాళ్ళ కోసమని కోడలు పట్టిక చివర ‘ప్రత్యేకం’ అని ఒక గడి పెట్టి, అత్తగారు గుర్తుగా దాచిన ప్రతి మాటనీ తెలుగులో విప్పి రాసింది. పేరు, ఫోన్ నంబరు, కొలతలు, చివర ప్రత్యేకం. టీచరమ్మ వరుసలో ‘ఎడమ పక్క లేదు, దూది’ అని ఉంది.

కాజాలు తీసే అక్క ఫోను పట్టిక తెరిచినప్పుడల్లా పాస్‌వర్డ్ అడిగేది. ఆవిడ పాస్‌వర్డ్ మర్చిపోవడం అటుంచి, అలాంటిది ఒకటి పెట్టుకున్న సంగతే మర్చిపోయింది. మూడు రోజులు ఆ గోల భరించి, కోడలు ‘లింకు ఉన్న ఎవరైనా చూడవచ్చు’ అన్న చోట ఒక్క నొక్కు నొక్కింది. అయినా కాజాల అక్కకి తెరుచుకోలేదు. ఆవిడ ఆ లింకుని వీధి ఆడవాళ్ళ గ్రూపులో పెట్టి, ఇది తెరవడం ఎలాగో కాస్త చెప్పి పుణ్యం కట్టుకోండమ్మా అని రాసింది. గ్రూపులో ఎనభై ఆరుగురున్నారు. ఒక్క ఆవిడకి తప్ప అందరికీ తెరుచుకుంది.

ఎవరో ఫోటో తీశారు, ఎవరో ఎవరికో పంపారు. నలభై ఒక్క వరుసల్లో ‘ప్రత్యేకం’ గడి నిండి ఉంది. అందులో ఒక వరుస హైస్కూలు పిల్లల ఫోన్లదాకా పోయింది. అది వాళ్ళ లెక్కల టీచరుది.

సంచి చూసి భర్త టీ గ్లాసుతోనే బల్ల దగ్గరికి వచ్చాడు. అతనిది లిఫ్టులు బాగుచేసే పని. లిఫ్టు మధ్యలో ఆగి జనం అరుస్తుంటే, తప్పు ఎవరిదైనా ముందు కరెంటు మీదికి నెట్టడం ఆ పనిలో అలవాటు. ఇంట్లోనూ అదే చేద్దామంటున్నాడు మూడు రోజులుగా. ఫోను ఎవడో హ్యాక్ చేశాడని చెబుదామన్నాడు. ఎవరూ నమ్మరని కోడలంటే, అయితే కాజాల అక్క పేరు చెప్పమన్నాడు.

“గ్రూపులో పెట్టింది ఆవిడే కదా. నువ్వేమన్నా పెట్టావా?”

“తలుపు తీసి పెట్టింది నేను. ఆవిడ లోపలికి రమ్మని నలుగుర్ని పిలిచింది, అంతే.”

“అలా నీ నెత్తిన నువ్వే వేసుకుంటే ఇంక దుకాణం మూసుకోవడమే.”

“మూసే ఉంది కదండీ.”

అతను టీ గ్లాసు బల్ల మీద పెట్టబోయి, జాకెట్ల పక్కన పెట్టడానికి మనసొప్పక, చేత్తోనే పట్టుకుని నిలబడ్డాడు. నిన్న కాజాల అక్క వచ్చి మెట్టు మీద కూర్చుని లోపలికి రమ్మంటే రాలేదు. కొట్టినా పడతాను గానీ పని మాన్పించవద్దని ఏడ్చింది. ఆ సంగతి ఇద్దరికీ గుర్తుంది. పాపం ఆవిడ పేరు చెప్పి చేతులు దులుపుకోవడం అతనికీ నిజంగా ఇష్టం లేదు. ఇంకేం తోచక అన్న మాట అది.

టేపమ్మ ఆ సంభాషణలో తల దూర్చలేదు. తిట్టినా బాగుండేదని కోడలికి అనిపించింది. తిడితే ఏదో ఒకటి జవాబు చెప్పొచ్చు, కాళ్ళు పట్టుకోవచ్చు. ఆ మౌనానికి మాత్రం ఎటునుంచీ దారి దొరకడం లేదు.

బడి వదిలిన అరగంటకి టీచరమ్మే వచ్చింది.

సగం దించిన షట్టరు కింద నుంచి ముందు ఆవిడ చెప్పులు కనిపించాయి. కోడలు పరిగెత్తి షట్టరు ఎత్తింది. టీచరమ్మ వంగకుండా, అది పూర్తిగా లేచేదాకా నిలబడి, లోపలికి వచ్చింది. చేతిలో దిద్దాల్సిన కాగితాల కట్ట ఉంది. కూర్చోమంటే కూర్చోలేదు. కొలతల పరదా వైపు ఒకసారి చూసి, దానికి వీపు పెట్టి నిలబడింది.

కోడలు నాలుగు రోజులుగా క్షమాపణ మాటలు కూర్చుకుంటూనే ఉంది. అవి మొదలుపెట్టేలోపే ప్రశ్న వచ్చింది.

“ఎంతమంది చూశారు?” అని అడిగింది టీచరమ్మ.

“తెలీదు టీచర్.”

“ఉజ్జాయింపుగా?”

“గ్రూపులో ఎనభై ఆరుగురు. వాళ్ళు ఎవరెవరికి పంపారో తెలీదు.”

“అంటే లెక్కకి అందదు.”

“అందదు.”

“వెనక్కి తీసుకోవడం కుదురుతుందా?”

“కుదరదు టీచర్. నా దగ్గరున్నది తీసేశాను. వాళ్ళ ఫోన్లలో ఉన్నది నేను తీయలేను.”

అబద్ధం చెప్పనందుకో ఏమో, టీచరమ్మ మొహంలో బిగువు కాస్త సడలింది. కాగితాల కట్ట ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకుంది. తరువాత, ఎవరూ అడక్కుండానే, తన సంగతి చెప్పింది. ఆపరేషనప్పుడు కూతురు ఎనిమిదో తరగతి. ట్రైనింగుకి వెళ్తున్నానని చెప్పి ఇరవై రోజులు ఆస్పత్రిలో ఉంది. భర్తకి తెలుసు. సొంత తల్లికి కూడా చెప్పలేదు. బట్టలు కుట్టించుకోక తప్పదు గనక టేపమ్మకి చెప్పింది. చెప్పడం కూడా కాదు, పరదా వెనక టేపు పట్టుకున్న ఆ చెయ్యి ఒక క్షణం ఆగి, ఏమీ అడక్కుండా మళ్ళీ కదిలింది. ఆ ఆగడానికే తనకి కళ్ళనీళ్ళు వచ్చాయట.

ఇప్పుడు కూతురు పదో తరగతి. మొన్న ఆటల పీరియడ్‌లో పక్క సెక్షన్ పిల్ల ఫోను తెచ్చి చూపించింది.

“ఇంటికొచ్చి ఏడవలేదు. ‘నాకు చెప్పని మాట దర్జీకి చెప్పావా అమ్మా’ అని అడిగింది. అంతే. ఆ తరువాత నాతో మాట లేదు. పెట్టింది తింటుంది, వెళ్ళి తలుపు వేసుకుంటుంది.”

వీధిలో ఎవరో సైకిలుకి గాలి కొట్టుకుంటున్న చప్పుడు వినిపిస్తోంది.

“పరీక్షలైపోయాక కూర్చోబెట్టి చెబుదామనుకున్నాను. ఎలా మొదలుపెట్టాలో కూడా అనుకుని పెట్టుకున్నాను. అద్దం ముందు నిలబడి ఎన్నిసార్లు చెప్పుకుని చూశానో. ఇంక ఆ మాటలతో పని లేదు.”

కోడలు ఒకడుగు ముందుకు వేసింది. ఏదో అనబోయింది. టీచరమ్మ చెయ్యెత్తి ఆపింది.

“ఇంకొక్కటి అడుగుతాను. మీరు అది తీసేసింది ఏ రోజు?”

కోడలు భయపడుతున్న ప్రశ్న అదే. లింకు సంగతి తెలిసింది సోమవారం. అప్పుడే తీసేసింది. బడిలో ఫోను చేతులు మారింది బుధవారం. మధ్యలో ఒక నిండు రోజు ఉంది. ఆ మంగళవారం పొద్దున టీచరమ్మ ఇంటి వీధి మలుపుదాకా వెళ్ళి, అక్కడ నిలబడి, వెనక్కి వచ్చేసింది. తీసేశాం కదా, ఇంకేం కాదులే, అనవసరంగా ఆవిడని కంగారుపెట్టడం దేనికి అని భర్త అన్నాడు. ఆ మాట తనకీ సుఖంగానే అనిపించింది. ఈ నాలుగు రోజుల్లో తనని తాను తిట్టుకోని పూట లేదు గానీ, అన్నిటికంటే ఎక్కువగా తిట్టుకున్నది ఆ మంగళవారానికే.

“సోమవారం,” అంది.

టీచరమ్మ వేళ్ళ మీద లెక్కపెట్టలేదు. ఆవిడకి అవసరం లేదు.

“మంగళవారం ఒక్క మాట చెప్పి ఉంటే ఆ రోజే నా కూతురికి నేనే చెప్పుకునేదాన్ని. నా నోటితో.” ఆగింది. “నాలాంటి వాళ్ళు ఇంకా ఎంతమంది ఉన్నారందులో?”

“మీతో కలిపి నలభై ఒక్కరు.”

“వాళ్ళకి చెప్పారా?”

కోడలు తల దించుకుంది. భర్త మధ్యలోకి వచ్చాడు. మిగతా వాళ్ళ వరుసలు ఎక్కడా బయటికి రాలేదని, ఇప్పుడు వెళ్ళి చెబితే లేనిపోని గొడవ అవుతుందని, అందరికీ సంసారాలున్నాయని, మర్యాదగానే చెప్పాడు.

“గొడవో కాదో వాళ్ళు చూసుకుంటారు బాబూ,” అంది టీచరమ్మ. “అది మీరు తేల్చకండి. ఒకసారి తేల్చారు, చాలు.”

వెళ్ళడానికి తిరిగింది. అప్పుడు లేచింది టేపమ్మ. నాలుగు రోజులు కూర్చునే ఉండటం వల్ల మోకాళ్ళు పట్టేసి, బల్ల అంచు పట్టుకుని నిలదొక్కుకుంది.

“టీచరమ్మా. ఆ ఆరోది చిరిగితే కబురు పెట్టండి. నేనే మీ ఇంటికి వస్తాను. ఎక్కడా రాసుకోను.”

టీచరమ్మ ఒకడుగు వెనక్కి వచ్చింది. బల్ల మీది ఐదు జాకెట్ల వైపు చూసింది. పైదాని మడత కొంచెం చెదిరి ఉంటే సర్ది, అక్కడే వదిలేసి వెళ్ళిపోయింది.

ఆవిడ మలుపు తిరిగేదాకా ఆగి, భర్త అందుకున్నాడు. ఆవిడ బాధ అర్థమైంది గానీ, ఆ బాధ మిగతా నలభై మందికీ పంచడం ఏం న్యాయమన్నాడు. హాయిగా ఉన్న మనిషి తలుపు తట్టి, అమ్మా మీ గుట్టు రట్టయి ఉండొచ్చు అని చెప్పి వస్తావా అని అడిగాడు. ఎంతమంది మొహాన తలుపు వేస్తారో, ఎంతమంది తిడతారో తెలుసా అన్నాడు.

“తిట్టనివ్వండి,” అంది కోడలు.

“ఏం, ఒక ముక్క బయటపడితే కొంపలు మునుగుతాయా? నాలుగు రోజులు చెప్పుకుంటారు, ఐదో రోజు ఇంకోటి దొరుకుతుంది. అసలు తప్పు చేయని వాళ్ళకి దాచుకోవాల్సింది ఏముంటుంది? మనకేం ఉంది చెప్పు, దాచుకోవడానికి?”

కోడలు అతని మొహంలోకి చూసింది. మామూలుగా అన్న మాట, మనసులో ఏమీ పెట్టుకుని అనలేదు. ఆ సంగతి తెలుస్తూనే ఉంది. అయినా ఆమె చూపు బల్ల మీదికి దించుకుంది.

“తప్పు చేసినవే దాచుకుంటారా ఎవరైనా?” అంది మెల్లగా.

అతను బల్లకి అటు పక్కకి వెళ్ళి నిలబడ్డాడు.

టేపమ్మ వెళ్ళి మేకు మీది టేపు తీసి మెడలో వేసుకుంది. బీరువా తీసి పుస్తకం బయటపెట్టింది.

“ఫోను తీయకండి,” అంది. “ఇందులోంచే రాద్దాం. ఇవాళ ఐదిళ్ళు అవుతాయి. నేనూ వస్తాను. నువ్వు ఒక్కదానివే వెళ్తే నిన్ను తిడతారు, నేనుంటే నన్ను తిడతారు. ఆ తిట్లు తినాల్సింది నేనే. ఇరవై రెండేళ్ళు గుర్తులు దాచాను, దాచడం ఎందుకో నీకు చెప్పలేదు. గుర్తులు నేర్పితే అదీ నేర్పినట్టే అనుకున్నాను.”

“అత్తయ్యా,” అంది కోడలు. ఏడుపు వచ్చింది. నాలుగు రోజులుగా ఆగి ఉన్న ఏడుపు. టేపమ్మ ఓదార్చలేదు, కాగితం పెన్ను తెచ్చి ఆమె ముందు పెట్టింది.

చదివేవాళ్ళు కావాలి. టేపమ్మకి పెన్సిలు గీతలు ఇప్పుడు ఆనడం లేదు. కోడలు రాయాలి. మిగిలింది భర్త. అతను నిలబడే బల్ల మీది పుస్తకం ముందుకు లాక్కున్నాడు. చిన్నప్పుడు ముట్టుకుంటే స్కేలు దెబ్బ తిన్న పుస్తకం. గుర్తు ఉన్న పేజీ వస్తే పేరు మాత్రం చదవమని, గుర్తు ఏమిటని అడగవద్దని తల్లి కట్టడి పెట్టింది.

మొదట్లో విసుగ్గానే చదివాడు. పది పేర్లు దాటాక గొంతు తగ్గింది. తన స్నేహితుడి భార్య పేరు వచ్చింది, పక్కన గీత మీద చుక్క. తనతో చదువుకున్న అమ్మాయి పేరు వచ్చింది, పక్కన రెండు అడ్డగీతలు. రోజూ పలకరించే మనుషులు. వాళ్ళ గురించి తనకి తెలియనిది ఇక్కడ తల్లి పెన్సిలు మొనలో ఉంది. ఇరవయ్యో పేరు దగ్గర ఆగి, ఆ గుర్తు మీద బొటనవేలు పెట్టి, అది తనకి కనబడకుండా మూసి, పేరు చదివాడు. అక్కడ నుంచి అన్నీ అలాగే చదివాడు. కోడలు అది చూసింది. అతని మీద కోపం సగం పోయింది.

నలభై ఒకటో పేరుతో ముందు పేజీలు అయిపోయాయి. పొద్దు ఇంకా ఉంది. మొదటి ఇల్లు రెండో వీధిలోదే, చీకటి పడకముందే వెళ్ళిరావచ్చని టేపమ్మ చెప్పులు వేసుకుని షట్టరు దగ్గరికి నడిచింది.

“వెనకాల ఇంకా ఉన్నట్టున్నాయే,” అన్నాడు భర్త. అట్ట కాగితం మడత కిందికి వేళ్ళు పోనిచ్చాడు. తన ఇంటివాళ్ళ పేజీలు అక్కడ ఉంటాయని అతనికి తెలియదు.

“అవి అక్కర్లేదురా,” అంది టేపమ్మ, తిరిగి చూడకుండానే. తిరిగి చూసేసరికి పేజీ తెరుచుకుంది.

“ఇది నీదే,” అని అతను భార్య వైపు చూసి చిన్నగా నవ్వాడు. “నడుము ఇరవై ఎనిమిది. ఆ కింద ఇరవై ఎనిమిదిన్నర. ఆ కింద ముప్పైకి పావు తక్కువ. అబ్బో. మళ్ళీ ఇరవై ఎనిమిది.” తారీకులు చూశాడు. “నేను కిందటేడు ఆస్పత్రి లిఫ్టుల పని మీద నాలుగు నెలలు ఊళ్ళో లేనప్పటివి. ఇన్నిసార్లెందుకు కొలిచావమ్మా?”

కొత్త రకం కత్తిరింపులన్నీ ముందు ఇంటి మనిషి మీద వేసి చూడటం టేపమ్మకి అలవాటు. అందుకే అప్పుడు తరచూ టేపు పెట్టింది. అంతే అనుకుంది కోడలు. అతను వెళ్ళాక తనకి తెలిసిన కడుపు అది. మూడో నెల దాటిన ఒక ఉదయం, దారం కొనుక్కొస్తానని చెప్పి ఒంటరిగా డాక్టరు దగ్గరికి వెళ్ళి, సాయంత్రానికి కడుపు పోయి తిరిగి వచ్చింది. ఫోనులో చెప్పే మాట కాదని అతను వచ్చేదాకా ఆగింది. వచ్చాక అలసిపోయి ఉన్నాడని ఒక రోజు ఆగింది. ఆ ఒక రోజు ఏడాది అయింది. ఎవరికీ తెలియదనుకుంది. ఆ వారమే అత్తగారు అడక్కుండా తన జాకెట్లన్నీ తీసుకుని, వదులు చేసినవి మళ్ళీ బిగించి, మడతపెట్టి మంచం మీద పెట్టింది. చేతిలో పని లేక చేస్తోందనుకుంది అప్పుడు.

భర్త పుస్తకాన్ని వెలుతురు వైపు వంచాడు. ముప్పైకి పావు తక్కువ పక్కన పెన్సిలు గుర్తు ఉంది. రబ్బరుతో చెరిపారు. అంత గట్టిగా చెరిపినా కాగితం మీద గుండ్రటి అచ్చు మిగిలింది. సున్న.

ఈసారి బొటనవేలు పెట్టి మూయలేదు. ఇది తన భార్య పేజీ.

“ఇదేం గుర్తమ్మా?”

టేపమ్మ షట్టరు పిడి పట్టుకుని ఉంది. కోడలి వైపు చూసింది. ఆ చూపులో జాలి ఉంది, అంతకంటే ఎక్కువగా భయం ఉంది.

“నేను ఎవరికీ చెప్పలేదు,” అంది. ఆ మాట కొడుకుతో కాదు. “నీతో కూడా అనలేదు. నువ్వు చెప్పేదాకా అనకూడదని.” తరువాత కొడుకుతో అంది: “ఆ గుర్తు చెప్పడానికి నాది కాదు నాయనా.”

భర్త తల్లి మొహం చూశాడు, భార్య మొహం చూశాడు. నవ్వు ఎప్పుడో పోయింది. వేలు ఇంకా ఆ అచ్చు మీదే ఉంది.

కోడలి చేతిలో పెన్ను ఉంది. కాగితం మీద నలభై ఒకటో పేరు కింద జాగా ఖాళీగా ఉంది. టీచరమ్మ అద్దం ముందు చెప్పుకున్న మాటలు గుర్తొచ్చాయి. తను ఒక్కసారి కూడా చెప్పుకుని చూడలేదు, ఎలా మొదలుపెట్టాలో తెలియదు.

“అత్తయ్యా, ఒక్క అరగంట,” అంది.

టేపమ్మ తల ఊపి బయటికి నడిచింది. బయట నుంచి షట్టరు కిందికి దిగింది, చివరి జానెడు మాత్రం వెలుతురు కోసం వదిలి ఆగింది. ఆ సందులోంచి ఆవిడ చెప్పులు కనిపిస్తున్నాయి. కాసేపటికి అవి కూడా పక్కకి జరిగాయి.

“కూర్చోండి,” అంది కోడలు.

అతను కూర్చోలేదు.